గీత పేరయ్య పొడుగు కుట్టు

గీత పేరయ్యని మీరెవరూ చూసుండరు. చూడాల్సిన మడిసమ్మా. మీసాలు ఇంతేసి, అరచేతులు చూస్తే పెంకుల్లాగ, ఆ చేత్తో ఓపాలి ఈపు తడితే రెండ్రోజులు గుర్తుండేదనుకో. మన పేటకి పడమట కాలవ గట్టుంది కదా, ఇప్పుడంటే రొయ్యల చెరువులైపోయినయ్యి గానీ, అప్పట్లో ఆ గట్టు మీద ఇరవై తాడిచెట్లుండేవి. ఇరవై తాళ్ళూ ఈయనే గీసేవోడంట. అంట ఏటి, నా కళ్ళతో నేను చూసిందే, మాది పక్కిల్లే కదా, వరసకి బావవుతాడు నాకు. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి, మోకు ఏసుకుని, నడుముకి కత్తి పెట్టుకుని, మనం అరుగెక్కినట్టు ఎక్కేసేవోడు తాడిచెట్టు. బడికెళ్ళలేదు. అక్షరం ముక్క రాదు. ఇరవై దాటితే లెక్క రాదు. లెక్కతో ఏం పనంట? ఇరవై చెట్లకీ ఇరవై పేర్లు పెట్టుకున్నాడు. గూని తాడి అనేవోడు ఒకదాన్ని. తర్వాత జంటలో పెద్దది, జంటలో చిన్నది, పిడుగు పడ్డది, మునసబు గట్టుది, చిలకల తొర్రది, కొంగల తాడి, ఇలాగ. పేరు తలుచుకుంటా ఎక్కడం, పేరు తలుచుకుంటా దిగడం. ఒక్క చెట్టు మర్చిపోయేడనుకో, ఆ కుండలో కల్లు పులిసిపోద్ది, అందుకని ఒక్కటీ మర్చిపోయేవోడు కాదు.

అలాంటోడు పడిపోయేడు. ఏమైందంటే, చైత్రంలో అకాలపు వానొకటి కురిసింది. చెట్లన్నీ నానిపోయి జారుగా ఉన్నాయి. ఆదిలక్ష్మక్క, అంటే ఆయన పెళ్ళాం, మేనమావ కూతురే, ఇయ్యాల్టికి మానేయి మావా అందంట. మానేస్తే కల్లాగుద్దా అని ఎల్లేడు. కొంగల తాడి మీద సగానికి దిగేడో లేదో మోకు జారింది. అంతే. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఆరు వారాలుంచి ప్రాణం నిలబెట్టేరు, అది వాళ్ళ పుణ్యం. కాలు మాత్రం పొట్టయిపోయింది. కర్ర లేకపోతే నాలుగడుగులు పడవు. ఇంక చెట్టన్న మాట తలుచుకోడానికి లేదు.

ఇంటికి తీసుకొచ్చి నులక మంచం మీద పడుకోబెట్టేరు. పడుకోబెడితే ఏం చేసేడు? గోడెంపు తిరిగిపోయేడు. మడిసితో మాట లేదు. కంచం ముందు పెడితే రెండు ముద్దలు తిని నెట్టేసేవోడు. నేనెళ్ళి, ఏం బావా ఎలాగుంది అంటే, ఏముంది, మంచానికి బరువు, అనేవోడు. ఆయన తల్లి సూరమ్మ, కళ్ళకి శుక్లాలొచ్చి చూపు ఆనదు, ఆవిడ గుమ్మంలో కూచుని, ఒరే పేరూ, ఇటు తిరగరా, ఒక్కసారి ఇటు తిరగరా అని రోజూ అనేది. తిరిగేవోడు కాదు. ఆ ఇల్లు ఎలాగ గడిచిందంటే ఆదిలక్ష్మక్క లేసుతోటే గడిచింది. అక్క చెయ్యి మంచి చెయ్యి. లేసు షెడ్డు నించి నూలు తెచ్చుకునేది, మంచం పక్కనే కూచుని పొద్దస్తమానం అల్లేది. ఎందుకంటే ఆయన్ని వదిలి ఎక్కడికెళ్ళి కూచుంటది? అలాగ ఎనిమిది నెలలు. మొదట్లో గోడ చూసేవోడు. తర్వాత తర్వాత, ఎంతకని చూస్తాడు గోడని, మెడ ఇటు తిప్పి ఆవిడ చేతులు చూసేవోడు. మాటాడకుండా చూసేవోడు. చేతులు చూస్తున్నాడని ఆవిడికీ తెలుసు, కానీ చెయ్యి ఆపేది కాదు.

ఇలాగుండగా అక్కకి గోరుచుట్టు లేచింది. కుడిచెయ్యి చూపుడేలుకి. మీకు తెలుసు కదా, లేసు పనిలో ఆ ఏలు లేకపోతే చెయ్యి లేనట్టే. ఏలు నిమ్మకాయంత వాచిపోయింది. నిమ్మకాయే తొడిగింది దానికి కూడా. ఇటు చూస్తే గుడ్డ సగంలో ఉంది, శుక్రవారం పట్టికెళ్ళి ఇవ్వాలి. పన్నెండేళ్ళ నించి ఒక్క శుక్రవారం తప్పలేదమ్మా ఆవిడ. అలాంటిది సూది పట్టుకోబోతే ప్రాణం పోతంది. కళ్ళంట నీళ్ళు పెట్టుకుంది. నెప్పికి కాదు, మాట తప్పిపోద్దని. అప్పుడు మంచం మీంచి పేరయ్య బావ, ఇటియ్యి, అన్నాడంట. ఏంటి మావా? ఆ సూదీ దారం ఇటియ్యే. ఎందుకు? చూస్తన్నాను కదా ఎనిమిది నెలల్నించి, ఇటియ్యి. అక్క నవ్వేసింది. పక్కింట్లో బియ్యం చెరుగుతున్నదాన్ని నాకు ఇనపడింది ఆ నవ్వు. ఆ ఇంట్లో నవ్వు ఇనపడి ఎంతకాలమైందీ అనుకున్నాను నేను, చేట ఆపేసేను.

ఏటే సుభద్రా, నువ్వూ నవ్వుతున్నావు? నవ్వు నవ్వు. ముందు నీ లేసు వరస చూసుకో, కుట్టు తప్పింది.

సరే, ఇచ్చింది. ఆయన ఏళ్ళు చూస్తే చక్కెరకేళీ గెలలో పళ్ళలాగ ఉంటయ్యి. మన కొక్కెం సూది ఆ ఏళ్ళ మధ్య కనపడనే లేదంట. మొదట గొలుసు అల్లమంది. అల్లేడు. తర్వాత ఆ గొలుసులో సూది గుచ్చబోతే దిగదు. ఎంత బిగించేశాడంటే, చెట్టుకి మోకు బిగించినట్టు బిగించేశాడు. అక్క అంటదీ, మావా, దీన్ని పట్టుకుని నువ్వేమీ ఎక్కవు, ఒదులుగా అల్లు. ఆ మాటకి ఆయన ఓసారి ఆవిడెంపు చూసేడంట. కోపమొచ్చిందేమో అనుకుంది. కోపం కాదు. అవునే, ఎక్కను కదా, అన్నాడంట. అని, మొత్తం విప్పేసి, ఒదులుగా మొదలుపెట్టేడు. ఆ రోజు గొలుసు ఒక్కటే పద్నాలుగు సార్లు విప్పేడని చెప్పింది నాకు.

గొలుసొచ్చేక పొడుగు కుట్టు. దారం సూదికి ఓ చుట్టు చుట్టు, గుచ్చు, లాగు, ఇప్పుడు సూది మీద మూడు ఉచ్చులున్నాయా? రెండిట్లోంచి తియ్యి, మళ్ళా రెండిట్లోంచి తియ్యి. ఇంకా పొడుగు కావాలంటే రెండు చుట్లు చుట్టు. ఇంకా పొడుగు కావాలా, మూడు. ఎన్ని చుట్లు చుడితే అంత ఎత్తు లేస్తది కుట్టు. ఇదిగో ఈ రాసుకునే అమ్మాయి కోసం చెబుతున్నాను, మీకు తెలియందేముంది. పేరయ్య బావకి పొట్టి కుట్లు నచ్చలేదు. ఈ పొడుగు కుట్టు చూసేసరికి మాత్రం, ఇదేదో మా తోపులాగ నిలబడిందే, అన్నాడంట. నాలుగు కుట్లేసి, చెయ్యి దూరంగా పెట్టి చూసుకునేవోడు. మళ్ళా నాలుగేసి మళ్ళా చూసుకునేవోడు. ఆ పూట గిన్నెడన్నం తిన్నాడు. సూరమ్మ గుమ్మంలోంచే చెవిపెట్టి, కంచం గీకుతున్నాడా, గీకుతున్నాడు, అనుకుంది పాపం.

చెయ్యి వచ్చింది, లెక్క రాలేదు. వరసకి నలభై కుట్లు రావాలి కదా. ఇరవై దాకా ఎల్తాడు, ఆ తర్వాత పదమూడంటాడు, ముప్పయ్యంటాడు, మధ్యలో కాకి అరిస్తే మర్చిపోతాడు. అక్క ఒకటి రెండు చెప్పి చెప్పి ఇసిగిపోయింది. రెండ్రోజులాగేక ఏమైందంటే, ఆయనకే తట్టింది. అంకెలు నాకెందుకూ, నా చెట్లు నాకున్నాయి కదా అని. కుట్టుకో చెట్టు. గూని తాడి, ఒక కుట్టు. జంటలో పెద్దది, ఒక కుట్టు. జంటలో చిన్నది, ఒక కుట్టు. ఇరవై చెట్లయితే పొద్దుటి తిరుగుడు అయిపోయినట్టు, మళ్ళా ఇరవై అయితే సాయంత్రం తిరుగుడు అయిపోయినట్టు. నలభై! చూసేరా తెలివి? కళ్ళు మూసుకుని కూడా తప్పడు ఇంక, ఎందుకంటే పదిహేనేళ్ళు నడిచిన దారి.

అక్క ఓ వరస తీసుకుని లెక్కెట్టింది. ముప్పయ్యెనిమిది. రెండు తక్కువ. మళ్ళా ఎయ్యమంది. మళ్ళా ముప్పయ్యెనిమిది. నా చెట్లు ఇరవయ్యేనే, అంటాడు ఆయన. పైకి చెప్పు మావా నేనూ ఇంటాను, అంది. చెప్పేడు. ఆవిడ ఏళ్ళు ముడుచుకుంటా ఇంది. చిలకల తొర్రది దాకా చెప్పి, దాని తర్వాతది కొంగల తాడి కదా, అది ఒదిలేసి ముందుకెళ్ళిపోయేడు. పొద్దుట్లోనూ ఒదిలేసేడు, సాయంత్రంలోనూ ఒదిలేసేడు. ఒదిలేస్తున్నట్టు ఆయనకే తెలీదు. పడ్డది ఆ చెట్టు మీంచే కదా, అక్కకి అర్థమైంది. ఏమంటది? మెల్లిగా, మావా, కొంగల తాడి ఏం పాపం చేసిందీ అంది. అప్పుడు, అమ్మా, ఆ మడిసి చెయ్యాగిపోయింది. సూది ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేడు. పడ్డప్పుడు ఏడవలేదు. ఎముక కట్టినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చేడు, చిన్నపిల్లోడిలాగ. సూరమ్మ తడుముకుంటా వచ్చి తల మీద చెయ్యేసి కూచుంది. ఏడుపు అయిపోయేక ముక్కు చీదుకుని, సూది తీసుకుని, చిలకల తొర్రది, అన్నాడు, ఓ లిప్త ఆగేడు, కొంగల తాడి, అన్నాడు, కుట్టేసేడు. ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు అల్లినా ఆ పేరు దగ్గర ఓ లిప్త ఆగేవోడు. ఆగేవోడు గానీ ఒదిలేవోడు కాదు.

ఇంతటితో అయిపోయిందా? కాలేదు. మొదటి వరస నలభై వచ్చింది. రెండో వరస ముప్పయ్యితొమ్మిది. మూడోది ముప్పయ్యెనిమిది. పది వరసలయ్యేసరికి గుడ్డ చేటలాగ ఒక పక్క ఎడల్పు, ఒక పక్క సన్నం. చెట్లన్నీ చెబుతున్నాడు, ఒక్కటీ ఒదలడం లేదు. కానీ చివరికొచ్చేసరికి ఒక చెట్టుకి చోటుండదు. ఎక్కడో ఒకటి మింగేస్తున్నావు మావా అంటది అక్క, ఎక్కడో మాత్రం చెప్పలేదు. తమాషా చూడండి, ఆవిడికి రాక కాదు. ఆవిడ చేతికి తెలుసు, నోటికి తెలీదు. పదేళ్ళప్పుడు నేర్చుకున్న పని, చెయ్యి దానంతటదే చేసుకుపోతది, ఎలాగ చేస్తున్నావంటే ఏం చెబుతాం? మీరు చెప్పగలరా? ఆ ఏలు బాగుంటే చేసి చూపించేది, ఏలుకేమో కట్టుంది.

అప్పుడు సూరమ్మ, ఇటు తేండి నేనూ చూస్తాను, అంది. చూపు లేని మడిసి చూస్తానంటదేంటని నవ్వుకున్నాం, నేనూ ఉన్నానప్పుడు అక్కడ. గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, అంచంట బొటనేలు పోనిస్తా తడిమింది. ఒరే, వరస తిప్పగానే ఏం చేస్తావురా అని అడిగింది. మూడు గొలుసులు పైకి అల్లుతానమ్మా, కుట్టు ఎత్తు రావాలి కదా, అన్నాడు. ఆ మూడు గొలుసులకీ ఏ చెట్టు పేరు పెట్టేవురా? దానికి పేరేంటమ్మా, అది కుట్టు కాదు కదా, ఉత్త గొలుసు. అదిగో, అంది సూరమ్మ. నా చిన్నప్పుడు కళ్ళాల్లో ధాన్యం కొలిచేవోరు. కొలిచేవోడు మొదటి కుంచానికి ఏమనేవోడు? ఒకటి అనేవోడా? లాభం అనేవోడు. లాభం, రెండు, మూడు, ఇలాగ పాడేవోడు. లాభం అన్నాడు కదా అని ఆ కుంచం లెక్కలో లేదంట్రా? అదే మొదటి కుంచం. నీ మూడు గొలుసులూ లాభంరా. అది కుట్టులాగ కనపడదు, కానీ అదే మొదటి కుట్టు. దానికీ లెక్క ఉంది. మళ్ళా తిరిగొచ్చినప్పుడు చివరి కుట్టు దాని నెత్తి మీద పడాలి. నువ్వు దాన్ని గొలుసే కదా అని ఒదిలేసి తిప్పేస్తున్నావు. అందుకే వరసకొకటి పోతంది!

అక్క గుడ్డ లాక్కుని అంచు చూసుకుంది. అవునత్తా, నేనూ అంతే చేస్తాను, దాని నెత్తి మీదే ఏస్తాను, కానీ ఏస్తానని నాకే తెలీదు, అంది. లేసు సూది జన్మలో పట్టుకోని ముసల్ది, చూపు లేని మడిసి, ఓ బొటనేలుతో పట్టేసింది చూసేరా! పేరయ్య బావ ఆ రోజునించీ వరసలో మొదటిదాన్ని గూని తాడి అనడం మానేసేడు. లాభం, జంటలో పెద్దది, జంటలో చిన్నది, అలాగ ఎల్లేవోడు. సాయంత్రం తిరుగుడులో మాత్రం గూని తాడి పేరు మామూలుగానే చెప్పేవోడు, లేకపోతే ఆ చెట్టు నొచ్చుకుంటదని. అంచు తాడేసి గీసినట్టు తిన్నగా వచ్చేసింది. శుక్రవారం నాటికి గుడ్డ షెడ్డుకెళ్ళింది.

గోరుచుట్టు మూడు వారాల్లో తగ్గిపోయింది. కానీ ఈయన సూది తిరిగివ్వలేదు. ఇంకో సూది తెచ్చుకోవే, అన్నాడు. తలుపు దగ్గరగా ఏసుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూచుని అల్లేవోరు. తలుపెందుకంటే, మగోడు కదమ్మా. గీతగాళ్ళలో పేరున్నోడు. కల్లుపాక దగ్గర తెలిస్తే పరువేంటి? అందుకని అక్క చేత ఒట్టేయించుకున్నాడు. నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పకూడదు, అని. ఒట్టు సంగతి నాకెలాగ తెలుసంటారా? గోడ పక్క గోడ, నాకు తెలియందేంటి.

ఇంక షెడ్డులో రత్నమ్మగారని ఉండేది. నూలు తూచి ఇచ్చేదీ, లేసు పుచ్చుకునేదీ ఆవిడే. తెల్లచీర, ముక్కు మీద కళ్ళజోడు, మాటకి కఠినం గానీ మడిసి ధర్మం. ఆవిడ పెట్టిన రూలేంటంటే, నీకిచ్చిన నూలు నువ్వే అల్లాలి. పక్కూళ్ళో ఇంకోళ్ళకిచ్చి అల్లించకూడదు. ఎందుకంటే ఒక చేతి పని ఇంకో చేతితో కలవదు, అతికినప్పుడు గుడ్డ ముడుచుకుంటది. అలాగ అల్లించినోళ్ళకి నూలు ఆపేసేది. ఓ శుక్రవారం అక్క ఆరు పలకలు, అంటే అతకడానికి అల్లే చదరపు లేసు ముక్కలు, పట్టుకెళ్ళింది. మూడు తనవి, మూడు ఆయనవి. రత్నమ్మగారు ఆరూ బల్ల మీద పరిచి, అరచేత్తో రాసి చూసి, మూడు ఇటు పెట్టింది, మూడు అటు పెట్టింది. ఇవి నీవి. ఇవి ఎవరివి? అంది. మా ఇంట్లోవేనండీ, అంది అక్క. మీ ఇంట్లో ఇంకెవరే అల్లేది? మీ అత్తకి చూపు లేదు. ఎవరికిచ్చేవు? అక్క తలొంచుకుంది. చూడు ఆదిలక్ష్మీ, ఈ మూడూ నీ వాటికంటే బాగున్నాయి, తిట్టడానికి అడగట్లేదు. ఎవరిదో చెప్పు. అక్క చెప్పలేదు. నావే అని అబద్ధమాడొచ్చు, ఆడలేదు. మావోడు అల్లేడని నిజం చెప్పొచ్చు, ఒట్టుంది. నోరు కుట్టేసుకుని నిలబడింది. అయితే నూలు లేదు, ఎల్లు, అంది రత్నమ్మగారు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఖాళీ సంచితో ఇంటికొచ్చింది.

వచ్చి ఏం చేసింది? సంచి మేకుకి తగిలించి, పొయ్యి వెలిగించింది. నూలు ఏదే అంటే, ఇంకా రాలేదంట మావా, వచ్చేవారం ఇస్తారంట, అంది. ఆయన నమ్మేడు. వారమయింది, మళ్ళా రాలేదంట అంది. ఇంట్లో గంజి పల్చనవుతోంది, ఈవిడ నోరు మెదపదు. నేను ఊరుకోగలనా? షెడ్డులో నేనూ ఉన్నాను కదా ఆ రోజు. దడి దగ్గర నిలబడి సూరమ్మతో మొత్తం చెప్పేసేను. ఇలాగ ఇలాగ, నీ కోడలు నీ కొడుకు పరువు కోసం దొంగ అనిపించుకుని వచ్చిందీ అని. కాస్త గట్టిగానే చెప్పేన్లే. ఆయనకి ఇనపడాలనే చెప్పేను.

ఇనపడింది. తర్వాత, ఆదీ, నా చొక్కా తియ్యి, అన్నాడు. ఏడాది నించి చొక్కా తొడగని మడిసి. ఎక్కడికి మావా? చొక్కా తియ్యే. తొడుక్కున్నాడు, మీసం దువ్వుకున్నాడు, అల్లుతున్న పలక ఒకటుంటే సూదితో సహా ఓ చేత్తో పట్టుకున్నాడు, ఓ చేత్తో కర్ర. సంచిలో ఎయ్యి మావా అంది అక్క. ఎందుకూ, దొంగతనం చేసేనా, అని అలాగే పట్టుకుని వీధిలోకొచ్చేడు. పట్టపగలమ్మా! ఎండలో ఆ తెల్లటి లేసు చేతిలో మెరిసిపోతంది. మన పేట నించి షెడ్డుకి ఎంత, అర మైలు. గంజి తాగి బయల్దేరితే నడినెత్తికి పొద్దొచ్చింది ఎల్లేసరికి. పదడుగులు, ఆగడం. పదడుగులు, ఆగడం. ఎనకాల అక్క, ఆ ఎనకాల నేను. కల్లుపాక ముందు మగాళ్ళంతా లేచి చూసేరు. పేరయ్య బావా, ఎక్కడికీ అన్నాడొకడు. లేసు అల్లడానికి, అన్నాడు. గాజులేసుకోలేదేంటి బావా, అన్నాడింకోడు. దీనికి గాజులక్కర్లేదురా, బుర్ర కావాలి, అందుకే నిన్ను రమ్మన్లేదు, అని నడిచిపోయేడు. అక్క ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలీలేదు. రెండూ అనుకుంటాను.

షెడ్డులో నలభై మంది ఆడాళ్ళం. గుమ్మంలో నిలబడి, రత్నమ్మగారూ, ఆ మూడు పలకలూ నాయండి, అన్నాడు. తర్వాత ఒకటే నవ్వు. షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత నవ్వు. రత్నమ్మగారు మాత్రం నవ్వలేదు. ఆయన చేతులెంపు చూసింది, మీసాలెంపు చూసింది, ఓ ముక్కాలిపీట చూపించి, కూచో, అంది. నలభై పొడుగు కుట్లు, ఆరు వరసలు, నా ఎదురుగా, అంది. కూచున్నాడు, కర్ర పక్కన పెట్టేడు, గొలుసు మొదలెట్టేడు. బంగారమ్మని ఒకావిడుండేది, మహా అల్లరి. ఈయన పెదాలు కదుపుతా లెక్కెట్టుకుంటున్నాడని చూసి, తప్పిద్దామని, ముప్పయ్యిమూడూ! అని అరిచింది. పదకొండూ, అని ఇంకోతి. అరవయ్యీ, తొంభయ్యీ, పంతొమ్మిదీ! నలభై మందీ తలో అంకె. సంతలాగ అయిపోయింది. మనమైతే సూది పారేసి లేచిపోదుం. ఆయన కదిలితే ఒట్టు. పెదాలు ఆడతానే ఉన్నాయి, సూది తిరుగుతానే ఉంది. చుట్టు, గుచ్చు, లాగు, రెండు, రెండు. ఒక వరస, రెండు వరసలు. మెల్లిగా అరుపులు తగ్గినయ్యి. ఏమంటున్నాడే, మంత్రమా, అని దగ్గరకి జరిగేరు. జరిగితే ఇనపడింది. పిడుగు పడ్డది. మునసబు గట్టుది. చిలకల తొర్రది. ఓ లిప్త ఆగడం. కొంగల తాడి.

ఆరు వరసలయ్యేయి. రత్నమ్మగారు కళ్ళజోడు సర్దుకుని, గుండుసూది మొనతో ఒక్కో కుట్టూ లెక్కెట్టింది. నలభై, నలభై, నలభై, ఆరు వరసలూ నలభయ్యే. అంచు చూసింది, కత్తితో కోసినట్టుంది. ఇంతమంది అంకెలు అరుస్తుంటే నీకు లెక్క ఎలాగ తప్పలేదయ్యా, అంది. నాకు అంకెలొస్తే కదండీ తప్పడానికి, అన్నాడు. మరేం చెప్పుకుంటున్నావు? మా తోపులో తిరుగుతున్నానండి, అన్నాడు. అంతే అన్నాడు. బంగారమ్మ మొగుడూ గీతగాడే, దానికి అర్థమైపోయింది. చెంగు నోట్లో కుక్కుకుని బయటికెళ్ళిపోయింది. తర్వాత ఆ బంగారమ్మే ఈయన దగ్గరకొచ్చి మూడు చుట్ల కుట్టు నేర్చుకుందిలే, అది వేరే సంగతి. రత్నమ్మగారు అక్కెంపు తిరిగి, ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా, అంది. ఒట్టేయించుకున్నాడండీ, అంది అక్క. ఆవిడ లేచెళ్ళి, రెండు వారాల నూలూ, ఈ వారానిదీ, ఇద్దరి పేరునా తూచింది. నేను తప్పన్నాను ఆదిలక్ష్మీ, మనసులో పెట్టుకోకు, అంది అందరి ముందూ. అదీ పెద్దరికమంటే.

కానీ పేరు రాయడానికొచ్చేసరికి చిక్కొచ్చిపడింది. ఆ షెడ్డు ఆడోళ్ళ సంఘానిది. పుస్తకంలో మగోడి పేరు రాస్తే పైవోళ్ళు ఒప్పుకోరు. రత్నమ్మగారు కలం పట్టుకుని ఆలోచించి ఆలోచించి, పేరమ్మ, అని రాసింది. పక్క గడిలో భర్త పేరుంటది కదా. అక్కడ ఏం రాయాలో తెలీక ఆగింది. పేరయ్య బావ, ఆదిలక్ష్మి అని రాసేయండి, ఏడాది నించి ఇంటికి మగోడు అదే, అన్నాడు. రాసేసింది! పేరమ్మ, భర్త ఆదిలక్ష్మి. ఇద్దరూ ఏలిముద్రేసేరు.

ఆ పేరుతోనే తొమ్మిదేళ్ళు అల్లేడు. పొడుగు కుట్టులో ఈ చుట్టుపక్కల అంత చెయ్యి లేదు. నాలుగు చుట్ల కుట్టు, ఐదు చుట్ల కుట్టు, మనకి మెలి తిరిగిపోయేవి ఆయనకి నిలువుగా నిలబడేవి. తొమ్మిదో ఏడు నర్సాపురంలో సభ పెట్టేరు, మంచి పనోళ్ళకి బహుమతులంట. ఎక్కడినించో పెద్ద ఆఫీసరుగారొచ్చేరు, పందిరి, మైకు. పుస్తకం చూసి పిలుస్తున్నారు. శ్రీమతి పేరమ్మగారు, భర్త ఆదిలక్ష్మి, అన్నారు మైకులో, అని ఆగి, కాగితం మళ్ళా చూసుకున్నారు. ఈయన లేచేడు. తెల్లపంచె, ఇంతేసి మీసాలు, కర్ర. టకటకమంటా మెట్లెక్కేడు. ఆఫీసరుగారి చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పట్టుచీర, పసుపూ కుంకం. ఆయన ఈయన్ని చూసేరు, ఎనక్కి చూసేరు, ఎవరైనా ఆడోళ్ళు వస్తున్నారేమోనని. పేరమ్మగారేరీ? నేనేనండీ, అన్నాడు. మరి ఈ చీర... అన్నారాయన. అది మా ఆయనకిచ్చేయండి, అదుగో, రెండో వరసలో కూచుంది, అన్నాడు. పందిరంతా లేచి చప్పట్లు. ఆదిలక్ష్మక్క సిగ్గుతో మొహం కప్పేసుకుంది. నేనే రెక్క పట్టుకుని పైకి తీసుకెళ్ళి చీర అందుకోమన్నాను.

ఇదంతా చూసి నాకూ బుద్ధి పుట్టిందమ్మా, మా ఆయన్ని కూడా కూచోబెట్టేను. పేరయ్య బావకి వచ్చింది నీకెందుకు రాదయ్యా అని నెల్లాళ్ళు నేర్పేను. గొలుసు ఒక్కటే వచ్చింది. ఆరు గజాలు అల్లేడు, ఎక్కడా తప్పు లేదు, తాడులాగ ఉంది. తీసుకెళ్ళి మేకని కట్టేసేడు.